రెండో డికాక్షన్

పద్మనాభానికి తన కాఫీ మీద గట్టి నమ్మకం. దాన్ని తాగి బాగుందనని మనిషి ఉంటే, ఆ మనిషి నాలుకకే ఏదో జబ్బుందనుకునేవాడు. అందుకే గురువుగారు ఏమీ అనకపోవడం అతనికి మింగుడుపడేది కాదు.

అతను నర్సీపట్నం దగ్గర కొండ కింద పరాంకుశస్వామి ఆశ్రమానికి వచ్చింది ఉపనిషత్తులు చదువుకుందామని. ఆశ్రమమంటే పెద్దదేమీ కాదు, నాలుగు గదుల పెంకుటిల్లు. స్వామి అతను చెప్పిందంతా విని, వంటగది చూపించారు.

"కాఫీ పెట్టడం నీ పని. నీ కాఫీ బాగుందని నాకనిపించిన రోజున పాఠం మొదలుపెడదాం."

సన్యాసికి కాఫీ ఏమిటని నొసలు చిట్లించేవాళ్లూ ఉండేవారు. స్వామి వాళ్లకు ముందు ఒక గ్లాసు కాఫీ ఇప్పించి, ఆ తర్వాత ప్రశ్న అడగమనేవారు. ఆ తర్వాత ఎవరూ అడిగేవారు కాదు.

స్వామి పెట్టిన షరతు విని పద్మనాభం లోపల నవ్వుకున్నాడు. వారం తిరక్కుండా పాఠం మొదలవుతుందనుకున్నాడు. తునిలో వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న విద్య మరి! గింజలు ఏరి, ఇనప మూకుడులో సన్నటి సెగ మీద వేయించి, ఏ పూటకు ఆ పూట చేతిమరలో ఆడించుకునేవాడు. ఫిల్టరులో పొడిని అదిమీ అదమనట్టు సర్ది, మరిగిన నీళ్లు చుట్టూ తిప్పుతూ పోసి మూత పెట్టేవాడు. దిగేదాకా దాన్ని కదిపేవాడు కాదు. పాలు ఒక్క పొంగు వస్తే చాలు, దించేసేవాడు. రెండోసారి కాచిన పాలంటే అతనికి అస్సలు పడదు.

అలా దిగిన మొదటి డికాక్షన్ స్వామికి, స్వామిని చూడవచ్చిన పండితులకు. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే దిగే రెండో డికాక్షన్ పనివాళ్లకు. ఇది అతను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. వాళ్లింట్లో, చుట్టుపక్కల ఇళ్లలో అందరూ చేసేదే.

పండితులు లొట్టలు వేసుకుంటూ తాగేవారు. ఇంకో గుక్క ఉందా అని వంటగదిలోకి తొంగిచూసేవారు. స్వామి మాత్రం తాగి, గ్లాసు కింద పెట్టి, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయేవారు. వానాకాలం వెళ్లింది, చలికాలమూ వెళ్లింది. పాఠం ఊసే లేదు.

ఒకరోజు పొద్దున ఇక ఉండబట్టలేకపోయాడు. స్వామికి కాఫీ అందించి, అక్కడే నిలబడ్డాడు.

"స్వామీ, నా కాఫీలో లోపమేమిటో చెప్పండి. లేదంటే నన్ను ఇంటికి పంపించేయండి. ఇంతకన్నా మంచి కాఫీ నాకు రాదు. ఎవరికీ రాదు."

ఆఖరి మాట అనక్కర్లేదు గానీ, అనేశాడు.

స్వామి నవ్వారు. రుచైనా చూడకుండా గ్లాసు పట్టుకుని పెరట్లోకి నడిచారు. పద్మనాభం వెంట వెళ్లాడు. అక్కడ వంటగది కప్పు మీద పనివాళ్లు పెంకులు మారుస్తున్నారు. రోజూ ఆశ్రమం ఊడ్చి నీళ్లు మోసే సన్యాసమ్మ, అప్పుడే తన కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"సన్యాసమ్మా, నీ గ్లాసు నాకియ్యి. నాది నువ్వు తాగు."

"సాముల కాపీ నాకేటి? తప్పు కాదా సామీ?"

"చల్లారిపోతోంది, తాగు."

గ్లాసులు చేతులు మారాయి. ఆవిడ మొహమాటపడుతూ ఒక గుక్క తాగింది. గ్లాసులోకి ఒకసారి చూసింది. మళ్లీ తాగింది.

"ఇదేటి సామీ, ఇదీ కాపీయేనా? ఇన్నాల్లూ నాను ఏడిగా ఉంటాది గదాని తాగినాను!"

పద్మనాభం కంగారుగా ముందుకొచ్చాడు.

"స్వామీ, అది మీరు తాగేది కాదు, రెండోది. ఇలా ఇచ్చేయండి, మీకు మళ్లీ పెట్టి తెస్తాను."

స్వామి వినిపించుకోలేదు. పెంకుల కుప్ప పక్కన చతికిలబడి, ఆ పలచటి కాఫీని ఆఖరి చుక్కదాకా తాగారు. ఖాళీ గ్లాసు పద్మనాభం చేతికిచ్చారు.

"ఇన్నాళ్లూ నేను గురువుగారికని పెట్టిన కాఫీ తాగాను, నాయనా. నీ కాఫీ ఇవాళే తాగాను."

పద్మనాభానికి జవాబు నోటిదాకా వచ్చింది. పొడి కొద్దీ డికాక్షన్, ఇంతమందికి మొదటిది ఎక్కణ్నుంచి తెచ్చేది? అది నిజమే కూడా. కానీ సన్యాసమ్మ గ్లాసు అడుగున మిగిలిన నురగను వేలితో తీసుకుని నాకడం చూశాక అతనికి సిగ్గేసింది. గ్లాసులు కడగడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మొదటి డికాక్షన్ దిగింది. దాన్ని పక్కన పెట్టి, రెండోది కూడా దిగనిచ్చాడు. రెండింటినీ ఒకే గిన్నెలో పొయ్యబోతూ ఒక్క క్షణం చెయ్యి ఆపాడు. వాళ్లమ్మ చూస్తే ఏమనేదో అతనికి తెలుసు. అయినా పోసేశాడు. పాలు కలిపి, గ్లాసులన్నీ ఒకే పళ్లెంలో సర్దుకుని పెరట్లోకి వెళ్లాడు. సన్యాసమ్మ ఒకటి తీసుకుంది, పెంకులవాళ్లు తలా ఒకటి తీసుకున్నారు. మిగిలిన గ్లాసు స్వామికి ఇచ్చాడు.

అతను ఆశ్రమంలో స్వామికి ఇచ్చిన కాఫీలన్నిటిలోకీ పలచటి కాఫీ అదే. స్వామి తీరుబడిగా తాగి, గ్లాసు కింద పెట్టారు.

"పుస్తకం తెచ్చుకో" అన్నారు.