ముప్పై రెండో కిలోమీటరు

ప్రసూన కాళ్ళు ముప్పై కిలోమీటర్ల దాకా బాగానే ఉండేవి. చిక్కంతా ఆ తర్వాతే.

మస్కట్ సముద్రపు ఒడ్డున ప్రతి శుక్రవారం తెల్లవారుతూనే పరుగు మొదలుపెట్టేది. ముప్పై దాటేసరికి మనసు ఇంటికి పోయేది. అమేయ అన్నం తిన్నదా? ఎనిమిదేళ్ళొచ్చినా కూతురి స్కూలు బాక్సు రోజూ సగం మిగిలే తిరిగొస్తుంది. ప్రసూన ఆగి ఫోను తీసేది. "ఇంకా తినలేదోయ్" అనేవాడు భర్త గోపీనాథ్. అంతే, ఆగిన కాళ్ళు మళ్ళీ కదిలేవి కావు. టాక్సీ ఎక్కి ఇంటికొచ్చేది.

మూడు శుక్రవారాలు అలాగే అయింది. మారథాన్‌కి ఇంక రెండు వారాలే ఉంది. ఆమెకి అదే మొదటిది. నలభై రెండు కిలోమీటర్లు.

"అసలు నిన్నెవరు తరుముతున్నారమ్మా?" అనేది అత్తగారు, కోడలి పిక్కలకి నువ్వులనూనె రాస్తూ.

ఆ ఒడ్డున పరుగు నేర్చుకునేవాళ్ళకి యాకూబ్ మాస్టారే గురువు. బాపట్ల వైపు ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి, ఇప్పుడిక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. ఆయన ఎక్కువ మాట్లాడరు.

"మాస్టారూ, కాళ్ళు బాగానే ఉన్నాయి. మనసే ఇంటికి పోతోంది. దాన్నెలా ఆపాలి?" అని అడిగింది ప్రసూన.

ఆయన చెప్పుల్లో ఇసుక దులుపుకున్నారు. "ఇవాళ టిఫిను మీ ఇంట్లో" అన్నారు.

ఉప్మా తింటూ, ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూశారు. మారథాన్ రోజు కోసం ప్రసూన రాసిపెట్టినది. ఎనిమిదికి అత్తయ్య బీపీ మాత్ర. ఎనిమిదిన్నరకి అమేయకి పెరుగన్నం, దగ్గర కూర్చుని తినిపించాలి. పదింటికి అందరూ ముగింపు గీత దగ్గర, ఎడమవైపు నీడలో. కెమెరా మరవద్దు. 'మరవద్దు' కింద రెండు గీతలు.

మాస్టారు పెన్ను అడిగారు. 'ముగింపు గీత దగ్గర' అన్నది కొట్టేసి, 'ముప్పై రెండో కిలోమీటరు దగ్గర, తొమ్మిదికి' అని రాశారు. తర్వాత వంగి అమేయ చెవిలో ఏదో చెప్పారు. పిల్ల కిసుక్కున నవ్వింది.

"అక్కడేముంది మాస్టారూ? గోడౌన్ల వెనక రోడ్డు. గుప్పెడు నీడ కూడా ఉండదు. గీత దగ్గర మావాళ్ళు లేకపోతే ఎలా? ఫోటో ఎవరు తీస్తారు?"

"నేను తీస్తాను."

"మీకు తియ్యడం వచ్చా?"

"రాదు" అన్నారాయన. "ఆ రోజు ఫోను నా దగ్గరుంచు."

ప్రసూనకి మనసు చివుక్కుమంది. ఏడు నెలలుగా ఆ గీత దాటడాన్ని ఊహించుకుంటోంది. ఆ ఊహలో గీతకి అవతల ఎప్పుడూ ఆ ముగ్గురే నిలబడి ఉండేవారు. అయినా గురువు మాట. కాగితాన్ని అలాగే ఉంచింది.

మారథాన్ రోజు ముప్పై దాటగానే, వేళ్ళు వాటంతటవే ఫోను కోసం నడుము తడిమాయి. ఫోను లేదు. మనసు మాత్రం బయల్దేరింది. లేచారో లేదో. దారి తెలిసిందో లేదో. ఈ హడావుడిలో పిల్లకి తిండి పెట్టారో లేదో. అడుగులు దగ్గరపడ్డాయి. వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోతున్నారు.

గోడౌన్ల మలుపు తిరిగింది.

రోడ్డు పక్కన తమ ఇంటి నీలం చాప. దాని మీద తమ వంటింటి కుర్చీ. కుర్చీలో అత్తయ్య, స్టీలు పళ్ళెం మీద గరిటెతో టంగుటంగున బాదుతోంది. గోపీనాథ్ మజ్జిగ గ్లాసు పట్టుకుని ఎదురొచ్చాడు. అతన్ని తోసుకుని అమేయ ముందుకొచ్చి, బాక్సు తలకిందులు చేసి ఊపింది.

"చూడమ్మా! మొత్తం తినేశా!"

అడుగున అంటుకున్న నాలుగు మెతుకులు ప్రసూన బూటు మీద రాలాయి. ఆమె గ్లాసందుకుని రెండు గుక్కలు తాగింది. కాళ్ళు ఆగబోయాయి.

"మాత్ర కూడా వేసుకున్నానే!" అత్తయ్య గరిటె ఎత్తి అరిచింది. "ఇంట్లో నీకిప్పుడు పనేం లేదు. పో!"

ప్రసూనకి నవ్వొచ్చింది. నవ్వుతూనే పరుగందుకుంది.

మిగిలిన పది కిలోమీటర్లూ ఎండే. పిక్కలు పట్టేశాయి. కాలి గోరు ఒకటి పోయిందని తెలుస్తూనే ఉంది. మనసు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇందాక తనని దాటిపోయినవాళ్ళని ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. గీత కనబడింది. రెండు చేతులూ ఎత్తి, గొంతు చించుకుని అరుస్తూ దాటింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు.

అవతల మాస్టారు ఫోను రెండు చేతులతో పట్టుకుని, ఒక కన్ను మూసుకుని నిలబడి ఉన్నారు.

ప్రసూన రొప్పుతూ వెళ్ళి ఫోటో చూసింది. "మాస్టారూ! కాళ్ళొక్కటే పడ్డాయి!"

"పరిగెత్తింది అవేగా" అన్నారాయన.

ఆమె నవ్వుతూ ఫోటోని పెద్దది చేసింది. ఎడమ బూటు లేసుల మధ్య ఇరుక్కుని, ఎండిన మెతుకు ఒకటి తెల్లగా కనబడింది.

నొప్పికి బూటు విప్పబోయిన చెయ్యి, ఆ మెతుకు రాలకుండా లేసు దగ్గరే ఆగిపోయింది.