ఇంట్లోకి వెళ్ళిన గోరింకలు

ఒక దొరకి ఒక ఇల్లుంది. ఆ ఇంట్లోకి మనుషులు వెళ్ళరు. ఇల్లు తనే వండుతుంది, తనే విసురుతుంది, తనే నేస్తుంది. ఊళ్ళో ఎవరికి ఏం కావాలన్నా సామాను ముంగిట్లో దించి వెళ్తే చాలు, అది లోపలికి పోయి పని పూర్తయి బయటికొస్తుంది. వడ్లు దించినవాడు బియ్యం పట్టుకెళ్తాడు. నూలు దించినావిడ చీర పట్టుకెళ్తుంది. లోపల పనివాళ్ళు చాలామందే ఉన్నారని చప్పుళ్ళని బట్టి తెలుస్తుంది. వాళ్ళందరినీ నడిపే ఆవిడని మాత్రం ఎవరూ చూడలేదు. ఊరివాళ్ళు ఆవిడకి లోపలమ్మ అని పేరు పెట్టుకున్నారు.

ఆ ఇంటికి ఒక్కటే కిటికీ. అక్కడ నిలబడి లోపలమ్మని ఏదైనా అడగొచ్చు, కాని అడగడానికి ఒక పద్ధతుంది. ఎక్కడి సంగతో ముందు చెప్పాలి. అక్కడ ఏం కావాలో తర్వాత చెప్పాలి. అందులో ఎలాంటివి కావాలో చివర చెప్పాలి. "వంటిల్లు. పొయ్యిలు. వెలుగుతున్నవి" అంటే ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో ఠక్కున చెబుతుంది. "అమ్మా తల్లీ, పొయ్యి వెలిగిందా?" అని ఎంత బతిమాలినా పలకదు. కోపమేం కాదు, ఆ వరసలో లేని మాట ఆవిడ చెవికి ఎక్కదు.

జవాబులకీ ఒక పద్ధతుంది. నిద్ర ఎప్పుడు లేచావంటే సంవత్సరం దగ్గర్నించి క్షణం దాకా అంకెలన్నీ ఒక్క గుక్కలో చెప్పేస్తుంది, ఎక్కడ తెంపుకోవాలో వినేవాళ్ళే చూసుకోవాలి. గాదెలో ఖాళీ ఎంతుందంటే బస్తాల్లో చెప్పదు, గింజల్లో చెబుతుంది. మొదటిసారి ఆ అంకె విన్న దొర గింజల్ని బస్తాలనుకుని, చుట్టుపక్కల ఊళ్ళ పంటంతా కొనుక్కు రమ్మని బండ్లు తోలించాడు. ఆ పంటంతా ఎక్కడ పోయాలో తెలియక వీధుల్లో కుప్పలు పోశారు. ఆ ఏడు ఊళ్ళో ఎలుకలు కూడా బొజ్జలు పెంచాయి.

ఇంటిని అడిగే పనికి దొర ఒక అమ్మాయిని పెట్టాడు. అందరూ ఆమెని కిటికీ అమ్మాయి అంటారు. తెలివైన పిల్ల, కొంచెం బద్ధకం కూడా ఉంది. లోకంలో కొత్త ఉపాయాలన్నీ ఈ రెండూ కలిసిన చోటే పుడతాయి. రోజూ పొద్దున్నే లేచి అదే ప్రశ్న అడిగి అడిగి విసుగుపుట్టి, ఆ పిల్ల ఒక గోరింకకి మాటలు నేర్పింది. గోరింకతో హాయి ఏమిటంటే, నేర్పింది నేర్పినట్టు అంటుంది. సొంత తెలివి ఉపయోగించి పని చెడగొట్టదు. తప్పు నేర్పితే ఆ తప్పు కూడా అంతే భక్తిగా అంటుంది.

పొద్దున గంట మోగగానే గోరింక కిటికీలోంచి లోపలికి ఎగిరి, "ఇల్లు. క్షేమం" అనేది. లోపలమ్మ "బాగు" అనేది. గోరింక ఎగిరొచ్చి దొర భుజం మీద వాలి "బాగు" అనేది. కిటికీ అమ్మాయి ఆ వేళకి రెండో నిద్రలో ఉండేది.

ఇలా చాన్నాళ్ళు గడిచాక దొరకి దిగులు పట్టుకుంది. ఏటి అవతల ఇంకో దొరకి ఇలాంటి ఇల్లే ఉండేది. ఒక రోజు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆగిపోయే ముందు కూడా అది "బాగు" అనే అందట. ఈ కబురు విన్నప్పటి నుంచి దొరకి అన్నం సయించలేదు. ఆయనకి ఆ ఇల్లంటే ప్రాణం. పెళ్ళాం పిల్లలు లేని మనిషి, ఆ ఇంటి చప్పుడు వినపడితేనే నిద్రపోయేవాడు.

"అమ్మాయ్, ఇక క్షేమం అడిగితే సరిపోదు. అన్నీ అడుగు" అన్నాడు.

"అన్నీ అంటే ఏమేంటండీ?"

"అన్నీ అంటే అన్నీనే. అడగందే అమ్మైనా పెట్టదన్నారు. మనం అడగనిది ఆవిడెందుకు చెబుతుంది?"

ఏమేం కావాలో ఒక్కొక్కటే ఏరి గోరింకకి నేర్పాలంటే నెల పడుతుంది. అమ్మాయికి అంత తీరిక లేదు. అప్పుడే ఆమెకి పెళ్ళి కుదిరింది. వరుడు ఏటి మీద పడవ నడిపే కుర్రవాడు, నవ్వితే బుగ్గ సొట్ట పడుతుంది. మనసంతా అక్కడ పెట్టుకుని, నాలిక చివరికొచ్చిన దగ్గరిదారి మాట గోరింకకి నేర్పేసింది. "ఇల్లు. అన్నీ. అన్ని రకాలవీ."

ఆ రోజు గోరింక రావడం కొంచెం ఆలస్యమైంది గాని, వచ్చాక చెప్పింది చూడండి! ఇంటి పేరు, ఇప్పటికి ఎన్నిసార్లు తిరగకట్టారు, ఎవరి పేరున ఉంది, లోపల మాట్లాడే భాష ఏది, ఎప్పుడు నిద్ర లేచింది, గాదెలో ఖాళీ, గరిటెలు, గరిటెలు పట్టుకున్నవాళ్ళ పేర్లు, వాళ్ళలో కూర్చున్నదెవరు, నిలుచున్నదెవరు. దొర పీట వేసుక్కూర్చుని హరికథ విన్నట్టు విన్నాడు. మధ్యాహ్నం నిశ్చింతగా కునుకు తీశాడు. లేవగానే మళ్ళీ దిగులేసింది. పొద్దున బాగున్న ఇల్లు సాయంత్రానికి ఎలా ఉందో!

"గంట కొట్టినప్పుడల్లా అడిగించు" అన్నాడు.

ఒక గోరింక చాలదు కాబట్టి అమ్మాయి ఇంకొన్ని గోరింకల్ని తెచ్చి, అన్నిటికీ అదే పాఠం చెప్పింది. గంట మోగడం, ఒక గోరింక లోపలికి దూరడం, ఎవరూ తోలనక్కర్లేకుండా సాగిపోయింది. ఊరు మెచ్చుకుంది. ఆ పిల్లకి పెళ్ళి భోజనం తన ఖర్చుతో ఈ ఇంట్లోనే వండిస్తానని దొర మాటిచ్చాడు.

ఒక ప్రశ్నకి జవాబు తయారుకావాలంటే లోపల ఏం జరుగుతుందో మాత్రం ఎవరికీ తట్టలేదు. అన్నీ అనగానే బియ్యం కొలిచేవాడు కొలవడం ఆపి, గాదెలో ఖాళీని గింజ గింజకీ లెక్కేయాలి. వంటవాళ్ళు గరిటె కింద పెట్టి వరసలో నిలబడి పేర్లు చెప్పాలి. తిరగలి ఆగాలి, మగ్గం ఆగాలి. ఈ తంతు ముగిసి అందరూ తిరిగి పనిలోకి వెళ్ళేసరికి మళ్ళీ గంట మోగేది. ఇంకో గోరింక వచ్చి గొంతు సవరించుకునేది.

పెళ్ళి రోజు వచ్చింది. ముందురోజు సాయంత్రమే బియ్యం, పప్పు, గుమ్మడికాయలు, బెల్లం, నెయ్యి ముంగిట్లో దించారు. అన్నీ లోపలికి వెళ్ళాయి. తెల్లవారుతూనే పొగగొట్టం నుంచి పొగ లేచింది, తర్వాత సన్నబడింది. గంట గంటకీ గోరింకలు లోపలికి వెళ్తున్నాయి గాని తిరిగి రావడంలేదు. చాలాసేపటికి ఒకటి మాత్రం ఈకలు రేగిపోయి వచ్చి చెప్పింది. "గాదెలో ఖాళీ లెక్క తేలలేదు. వంటింట్లో తీరిగ్గా ఉన్నవాళ్ళు లేరు. పొయ్యిలు వెలుగుతున్నవి ఒకటి."

దొర గభాలున లేచాడు. పెళ్ళికూతుర్ని చేస్తున్న చోటికే పరిగెత్తుకొచ్చాడు.

"ఇంటికి ఏదో అయింది అమ్మాయ్! ఇంకా తరచుగా అడగాలి. ఉన్న గోరింకలన్నిటినీ పంపు!"

అమ్మాయి నుదుట బాసికంతోనే వెళ్ళి ఉన్నవాటినన్నిటినీ వదిలింది. అవన్నీ బిలబిలమంటూ కిటికీలో దూరాయి. కాసేపట్లో పొగ పూర్తిగా ఆగిపోయింది.

అప్పటికే మగపెళ్ళివారి పడవలు రేవులోకి వచ్చేశాయి. మొదటి పడవలో పెళ్ళికొడుకు నాయనమ్మ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసి, "ఏరా, పొగ రాదేంట్రా? వీళ్ళు మనకి వడపప్పు పెట్టి పంపేస్తారా ఏంటి?" అంది. ఆ గొంతు ఊరంతా వినిపించింది.

ఆ ప్రాంతంలో ఇలాంటి ఏ ఇంటికి ఏ జబ్బు చేసినా ఒకటే వైద్యం. ఇంటి వెనక గోడకి ఒక మీట ఉంటుంది. అది కిందికి లాగితే ఇల్లు నిద్రపోతుంది, పైకెత్తితే లేస్తుంది. లేచాక నవనవలాడుతూ ఉంటుంది గాని, నిద్రపోయే ముందు పొయ్యి మీద ఉన్నదంతా పోతుంది. ఉడికిన పప్పు ఉండదు, ఉడకని పప్పూ ఉండదు. అసలు ఎవరైనా ఏమైనా వండమన్నారన్న సంగతే దానికి గుర్తుండదు.

దొర వెళ్ళి మీట మీద చెయ్యేశాడు. అమ్మాయి పట్టుచీర కుచ్చెళ్ళు పట్టుకుని వెనకే పరిగెత్తింది.

"లాగకండి దొరగారూ! నా పెళ్ళి భోజనమంతా లోపలే ఉందండీ!"

"ఇల్లు బతికుంటే రేపు తినొచ్చమ్మా."

"మగపెళ్ళివారు రేపటిదాకా ఆగుతారా అండీ? ఆ నాయనమ్మగార్ని చూశారా మీరు? పడవ తిప్పించేస్తుంది."

"మరి నా ఇల్లు ఆగిపోతే?" అన్నాడు దొర. ఆయన కళ్ళనిండా నీళ్ళున్నాయి. అమ్మాయికి జాలేసింది. తన కళ్ళలోనూ నీళ్ళే ఉన్నాయి, పట్టుచీర కొంగుతో తుడుచుకుంది.

"ఒక్క ప్రశ్న నన్ను అడగనివ్వండి. గోరింక చేత కాదు, నేనే అడుగుతాను. దానికీ పలక్కపోతే మీట లాగేయండి" అంది.

దొర సరేనన్నాడు, కాని మీట మీద చెయ్యి మాత్రం తీయలేదు.

అమ్మాయి ఆ గోడకే ఉన్న కిటికీ దగ్గర నిలబడింది. పెద్ద ప్రశ్న వేస్తే జవాబొచ్చేసరికి పొద్దుగూకుతుంది. చిన్నది కావాలి, సూది మొనంత ఉండాలి. ఎన్నాళ్ళుగానో తను బద్ధకించి వదిలేసిన మూడో మాట గుర్తొచ్చింది. ఎలాంటివి కావాలో చెప్పే మాట. కళ్ళు మూసుకుని ఒక్కొక్క మాటే కూర్చి అడిగింది.

"ఇల్లు. పని పెట్టేవాళ్ళు. అందరికంటే ఎక్కువ పని పెట్టేవాళ్ళు, ఒక్క పేరు."

లోపల్నించి చప్పుడు లేదు. దొర చెయ్యి మీట మీద బిగుసుకుంది. రేవులో పడవ దిగుతున్న నాయనమ్మ ఎవరినో కేకలేస్తోంది. అప్పుడు లోపలమ్మ ఎప్పటిలాగే తీపీ చేదూ లేని గొంతుతో చెప్పింది.

"గోరింక."

"ఏ గోరింక? ఎవరిది ఆ దిక్కుమాలిన గోరింక?" అని దొర అరిచాడు.

అమ్మాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మనవేనండీ. మీరు అడగమన్నారు, నేను పంపాను. ఇంటికి జబ్బేం లేదండి. మన ప్రశ్నలకి జవాబు చెప్పుకోలేక ఛస్తోంది."

దొర మీట మీంచి చెయ్యి తీశాడు. అమ్మాయి నాలుక మడిచి ఈల వేసింది. ముందు ఒకటి వచ్చింది, దాని రెక్కల నిండా పిండి. తర్వాత పసుపంటుకున్నది ఒకటి, బెల్లంపాకం కాళ్ళకంటుకుని ఎగరలేక నడిచొచ్చింది ఒకటి. తర్వాత గుంపులు గుంపులుగా వచ్చాయి. ఆఖరుది బయటికొచ్చి కూడా "అన్నీ, అన్నీ, అన్ని రకాలవీ" అంటూనే ఉంది. పెళ్ళికూతురు పడీపడీ నవ్వింది. ఆమె నవ్వు చూసి దొరకి కూడా నవ్వాగలేదు.

"ఇప్పుడెలా ఉందో?" అన్నాడు నవ్వు ఆపుకుని.

"తెలీదండి."

"ఒక్కసారి అడిగి చూస్తే?"

"అడక్కండి. దణ్ణం పెడతాను."

అడక్కుండా ఉండటం దొర జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైనది. అమ్మాయి పీటల మీదికి వెళ్ళింది. ఆయన ఒక కర్ర పట్టుకుని కిటికీ కింద కూర్చున్నాడు. గోరింక దగ్గరికొస్తే ఉష్ అంటాడు. తనకే అడగాలనిపిస్తే కర్రతో నేల మీద గీతలు గీస్తాడు. కాసేపటికి పొగ లేచింది. ఆ వెనకే ఇంగువ పోపు వాసన ఊరి మీద పడింది. మంగళసూత్రం కడుతున్న పెళ్ళికొడుకు ముక్కు కూడా అటే తిరిగింది.

ముంగిట్లోకి గంగాళాలు వరసగా వచ్చాయి. పులిహోర, బూరెలు, గుమ్మడికాయ దప్పళం, ముద్దపప్పు, కమ్మగా కాచిన నెయ్యి. నాయనమ్మ దప్పళంలో ఉప్పు తక్కువైందని ప్రకటించి, మారు వడ్డించుకుంది. బూరెలు కొంగులో కూడా మూటకట్టుకుంది. ఊరంతా బంతులు బంతులుగా కూర్చుని తిన్నారు. ఎండ వాలాక కొత్త దంపతులు పడవెక్కారు. గిన్నెలన్నీ ఖాళీ అయి లోపలికి వెళ్ళిపోయాయి, ఊరు కునుకు తీసింది.

దొర మాత్రం ఆ కిటికీ కిందే ఉన్నాడు. కాపలా వదిలి బంతికి వెళ్ళాలన్న సంగతే ఆయనకి తట్టలేదు. ఆయన్ని పిలవాలని ఊరికీ తట్టలేదు.

కిటికీ తలుపు లోపలివైపు నుంచి కిర్రుమంది. దొర ఉలిక్కిపడి కర్రెత్తాడు, కాని గోరింకేదీ లేదు. ఎక్కడి సంగతో చెప్పకుండా, ఎలాంటిదో చెప్పకుండా, ఒక్క మాట బయటికొచ్చింది.

"తిన్నావా?"

దొర చుట్టూ చూశాడు. అక్కడ ఇంకెవరూ లేరు. ఇన్నేళ్ళుగా అడగడమే గాని జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. ఎత్తిన కర్ర కింద పెట్టాడు.

"లేదమ్మా" అన్నాడు.

లోపల ఒక పొయ్యి వెలిగిన చప్పుడైంది.