కరిచిన చెప్పులు

అనగనగా ఒక ఊళ్ళో, ఎటు అడుగేసినా తుమ్మముల్లో పలుగురాయో కాలికి తగిలే మెట్ట ఊళ్ళో, దీనమ్మ అని ఒకావిడ ఉండేది. ఆ ఊళ్ళో కూలిజనం అందరివీ ఉత్తకాళ్ళేరా, బంగారం. ముల్లు దిగితే పిన్నీసుతో తీసుకోవడం, ఇంత పసుపు అద్దుకోవడం, మళ్ళీ చేలోకి దిగడం. అంతే.

ఒక ఏడు దీనమ్మ పెనిమిటి దేవదానం కంది కోతకు పోయినప్పుడు పాదంలో ముల్లు విరిగింది. ముందు కాలు వాచింది. అప్పుడు చీము పట్టింది. ఆ తర్వాత ధనుర్వాతం కమ్మింది. ఆసుపత్రికి చేర్చేసరికే దవడలు బిగుసుకుపోయాయి. మనిషి దక్కలేదు.

దీనమ్మ చాన్నాళ్ళు గడప దాటలేదు. ఇరుగుపొరుగు ఇంత గంజి తెచ్చిపెడితే తాగేది, లేకపోతే లేదు. అలా ఏడ్చి ఏడ్చి, ఒకరోజు పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, రోడ్డు మీది పంక్చర్ల కొట్టుకు పోయి, అరిగిపోయిన లారీ టైరు ఒకటి అడిగి తెచ్చుకుంది.

వాళ్ళ నాన్న చెప్పులు కుట్టినవాడు. ఆయన పక్కన కూర్చుని చూసిన పని ఆమె చేతుల్లో ఇంకా మిగిలి ఉంది. టైరు కోసి అడుగు చేసింది. ట్యూబు కోసి పట్టీలు చేసింది. మేకులు కొట్టి బిగించింది. ఇంటి ముందు చిన్న పందిరి వేసి, చెప్పులు వరసగా పేర్చి, ఎవరైనా రాకపోతారా అని కూర్చుంది.

ఊరంతా జాలిపడింది. పాపం, మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి అనుకుంటూ తలా ఒక జత కొనుక్కుపోయారు. దీనమ్మ ప్రాణం కుదుటపడింది. ఇక ఈ ఊళ్ళో ఎవరి కాల్లోనూ ముల్లు దిగదు అనుకుంది.

అప్పుడు మెల్లగా కొనేవాళ్ళు రావడం మానేశారు. అందరికీ ఉన్నాయిగా అని సరిపెట్టుకుంది. కానీ పందిరి కింద కూర్చుంటే దారిన పోయే కాళ్ళు కనపడతాయి కదా. అన్నీ ఉత్తకాళ్ళే.

ఒకరోజు జల్లెడ అడుగుదామని పక్కింటికి పోయింది. ఆమె చేసిన చెప్పులు దూలానికి వేలాడుతున్నాయి, కొత్తవి కొత్తగానే. ఆ తర్వాత వాళ్ళ పక్కింటికి పోయింది. అక్కడ గూట్లో ఉన్నాయి. ఆ పై ఇంట్లోనైతే కోళ్ళగంప మీద బరువుకి పెట్టారు. వేసుకోవడం లేదేమని అడిగితే ఒకరు పండక్కి దాచామన్నారు, ఒకరు పాతబడతాయన్నారు, ఒకరు ఊరికే నవ్వారు.

దీనమ్మ జల్లెడ మాటే మర్చిపోయి ఇంటికొచ్చింది. కత్తి, సుత్తి, మిగిలిన మేకులు గంపలో వేసి మూల పెట్టింది. రేపటి నుంచి మిరపకోతకు పోదామనుకుంది.

అప్పుడొచ్చింది గురవమ్మ. మేకలు కాచుకునే ముసలావిడ, మాట కాస్త కటువు. వచ్చి పందిరి కింద చతికిలబడి, కాలు చాపి మడమ చూపించింది. తోలు లేచిపోయి ఎర్రగా పుండు పడింది.

"ఇదిగో, ఇక్కడ కరుస్తోందే నీ చెప్పు. మేకు మొన పైకొచ్చింది. దీనికంటే ముళ్ళే నయం."

దీనమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఇన్నాళ్ళూ ఒక్కళ్ళయినా చెప్పలేదే అత్తా."

"జాలిపడి కొన్నారు కదే. జాలిపడి కొన్నవాళ్ళు నోరిప్పరు. నాకు జాలి లేదు. నాకు చెప్పులు కావాలి. బాగుచేసి ఇయ్యి, వేసుకుంటా."

దీనమ్మ మూలనున్న గంప మళ్ళీ ముందుకు లాక్కుంది. మేకుల మొనలు వంచి అణగ్గొట్టింది. గురవమ్మ వేసుకుపోయి, మర్నాడు తిరిగొచ్చి, మడమ బాగుంది కానీ వేలి దగ్గర పట్టీ ఒరుసుకుంటోందని చెప్పింది. అప్పుడు పట్టీ కింద మెత్తటి గుడ్డ వేసి కుట్టింది. ముసలావిడ మళ్ళీ వచ్చి, గుడ్డ చెమటకు తడిసి జారుతోందంది. ఆ తర్వాత గుడ్డ పీకేసి, పట్టీనే వెడల్పుగా కోసి అంచులు నున్నగా అరగదీసింది.

ఈసారి గురవమ్మ తిరిగి రాలేదు. ఈవిడ కూడా దూలానికి కట్టేసిందేమో అనుకుంది దీనమ్మ. పొద్దు వాలే వేళకు మేకలు ఇళ్ళకు మళ్ళుతుంటే బయటికొచ్చి చూసింది. తుమ్మచెట్ల మధ్య నుంచి, మేకల వెనకాల, గురవమ్మ వస్తోంది. తల ఎత్తుకుని, కిందికి చూడకుండా నడిచొస్తోంది.

ఆ తర్వాత గురవమ్మే ఇల్లిల్లూ తిరిగింది. కొన్నారు, సరే, ఎక్కడ కరుస్తుందో చెప్పాల్సిన పని ఎవరిదని అందరినీ నిలదీసింది. జనం దూలాలకున్న చెప్పులు దించుకుని, మొహమాటపడుతూ పందిరి కిందికి వచ్చారు. ఒకరికి చిటికెనవేలు బయటికి జారుతోంది. ఒకరికి బురదలో పట్టీ ఊడుతోంది. ఇంకొకరికి ఒక కాలు కంటే ఒక కాలు పెద్దది. ఒక్కో మాటా దీనమ్మకు గుచ్చుకునేది. అయినా విన్నది, మళ్ళీ కోసింది, మళ్ళీ కుట్టింది.

వానాకాలం వచ్చింది. రేగడిమన్ను అంటుకుని పట్టీలు తెగిపోతుంటే, ఆమె కొత్తరకం బిగింపు కుదుర్చుకునేదాకా జనం గొణుక్కుంటూనే ఓపిక పట్టారు. సంతలో ఎవరైనా ఆ చెప్పులెక్కడివని అడిగితే, కాలెత్తి అడుగు కూడా చూపించి, మా దీనమ్మవి అని చెప్పారు. అలా పొరుగూళ్ళ కూలీలు కూడా దారి వెతుక్కుంటూ వచ్చారు.

ఆ ఏడు కంది కోతలకు జనమంతా చెప్పులతో కదిలారు. ఆ టపటపల చప్పుడు వింటూ దీనమ్మ తలుపు చాటున నిలబడి ఏడ్చింది. ఇవేవో ముందే చేసి ఉంటే అనుకుంది. అలా అనుకోవడం ఆమెకు ఎప్పటికీ పోలేదు బంగారం. కొన్ని పోవు.

ఆ తర్వాత చలికాలంలో, ఊరి మొదట్లో హుసేన్‌బీ అనే ఆవిడ ఇడ్లీల కొట్టు పెట్టింది. పిల్లలు గలది, బతుకుతెరువు లేనిది. ఇడ్లీలు రాళ్ళలా ఉండేవి. జనం ఒకసారి తిని, బాగున్నాయమ్మా అని చెప్పి, మళ్ళీ అటు పోయేవాళ్ళు కాదు.

దీనమ్మ పోయింది. ఆకులో పెట్టినవన్నీ తిన్నది. చెయ్యి కడుక్కుని, పక్కన కూర్చుని చెప్పింది. "పిండి పులవలేదు చెల్లీ. చలికి పులవదు. గిన్నె పొయ్యి పక్కన పెట్టుకో. రేపు మళ్ళీ వస్తా."

హుసేన్‌బీ ముఖం చిన్నబోయింది.

మర్నాడు దీనమ్మ వెళ్ళేసరికి ఆకు వేసి ఉంది. హుసేన్‌బీ వడ్డించి, కొంగు చేత్తో పట్టుకుని, ఈవిడ నోటివంకే చూస్తూ నిలబడింది. దీనమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది.

"ఇంకో రెండు పెట్టు," అంది.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి.