చిగురమ్మ మూడో గరిటె

అనగనగా ఒక అడవిలో, ఏటి ఒడ్డున, అన్ని చెట్లకంటే ఎత్తుగా ఒక నల్లమద్ది చెట్టు ఉండేది. ఆ చెట్టు మీద ఒక కొండముచ్చుల జంట కాపురం ఉండేది. మగడి పేరు దూకుళ్ళప్ప. పెళ్ళాం పేరు చిగురమ్మ.

పిల్లలూ, కొండముచ్చులకీ జింకలకీ ఒక పొత్తు ఉంటుంది, తెలుసా? నాకూ చాలా ఏళ్ళదాకా తెలీదు. కొండముచ్చు చెట్టు చివర కూర్చుని చుట్టూ చూస్తుంది. పులి కనబడితే "ఖక్! ఖక్!" అని అరుస్తుంది. కింద మేసే జింకలు ఆ అరుపు విని పరుగందుకుంటాయి. అదే పులి వాసన జింకల ముక్కుకి ముందు తగిలితే, అవి కాలు నేలకేసి కొట్టి కొండముచ్చుకి చెబుతాయి. ఒకరివి కళ్ళు, ఒకరిది ముక్కు. ఎవరు నేర్పారో ఏమో వాటికి!

ఆ అడవిలో జింకల కాపలా దూకుళ్ళప్పది. అతని నాన్న, తాత కూడా నల్లమద్ది చివరి కొమ్మ మీదే కూర్చుని కాపలా కాశారు.

ఆ ఏడు అడవిలో వెదురు పూసింది. వెదురు ఏటా పూయదు. నలభై ఏళ్ళకో యాభై ఏళ్ళకో ఒకసారి పూస్తుంది. పూసిందంటే పొదలకి పొదలే గింజ రాలుస్తాయి. అవే వెదురు బియ్యం. చిగురమ్మ పుట్టి బుద్ధెరిగాక అంత బియ్యం చూడలేదు. బుట్టలకి బుట్టలు ఎత్తి చెట్టు తొర్ర నింపేసింది. ఇంక చూడండి! పొద్దున వెదురన్నం. మధ్యాహ్నం వెదురన్నం. సాయంత్రం తేనె పోసి వెదురు పాయసం.

వడ్డనలో చిగురమ్మకి ఒక పట్టింపు ఉంది. ఆకులో రెండు గరిటెలు వేస్తే ఆవిడకి వేసినట్టే ఉండదు. మూడోది పడాల్సిందే.

దూకుళ్ళప్ప ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలే, చిగురూ!" అనేవాడు.

"ఈ కాస్తకేనా, మావా? మా అమ్మ చూసిందంటే నిన్ను మాడ్చేస్తున్నాననుకుంటుంది" అనేది చిగురమ్మ.

"మీ అమ్మ ఏటికి అవతల ఉంది కదే! అక్కణ్ణించి నా ఆకెలా కనబడుతుంది?"

అతను ఆ మాట పూర్తి చేసేలోపే ఆవిడ వేళ్ళ సందుల్లోంచి మూడో గరిటె దింపేసేది.

వేసవి గడిచేసరికి దూకుళ్ళప్ప పొట్ట గుమ్మడికాయంత అయింది. ఒకనాటి పొద్దున్న అతను చివరి కొమ్మ ఎక్కబోయాడు. కొమ్మ 'ఫెళ్' మంది. దూకుళ్ళప్ప జారి జారి నడిమి కొమ్మకి తోకతో వేలాడాడు. ఆ రోజు నించి అక్కడే కూర్చోవడం మొదలెట్టాడు. అక్కణ్ణించి ఏం కనబడుతుంది? ఆకులు. ఆకుల వెనక ఇంకొన్ని ఆకులు.

తొలకరి పడ్డ వారానికి జింకల్లో పెద్దది, చుక్కల పెద్దమ్మ, చెట్టు కిందికి వచ్చింది.

"నాయనా అప్పా, తప్పుగా అనుకోకు. ఇప్పుడు గడ్డి మా గిట్టల దాకే ఉంది. పులి వస్తే మాకే కనబడుతుంది. వానలకి అది మా చెవుల దాకా లేస్తుంది. అప్పటికి నువ్వు చివరి కొమ్మ మీద ఉండాలి. లేకపోతే పిల్లల్ని వెంటేసుకుని మేం ఏరు దాటి అవతలి అడవికి పోక తప్పదు."

"ఎన్ని తరాల పొత్తు, పెద్దమ్మా! పోతారా?"

"పోవాలని ఎవరికుంటుంది, నాయనా?" అని పెద్దమ్మ కళ్ళు వత్తుకుని వెళ్ళిపోయింది.

దూకుళ్ళప్ప ఆ పూట అన్నం ముట్టలేదు. చిగురమ్మ అతని తోక పట్టుకుని వైద్యుడి దగ్గరికి లాక్కెళ్ళింది. వైద్యుడంటే ముళ్ళపంది సూదయ్య.

"నాలుక చాపు. ఊఁ. ఏం తింటున్నావ్?" అన్నాడు సూదయ్య.

"వెదురన్నం."

"దాంతో పాటు?"

"వెదురు పాయసం."

సూదయ్య ముళ్ళు విదిలించాడు. "పస్తుండొద్దు. అన్నం, దుంపలు, తేనె బాగా తగ్గించు. ఆకుకూరలు, కాయలు కడుపు నిండా తిను. సంత రోజున నీకిష్టమైన అన్నం ఒక్క గరిటె తిను. ఎప్పుడైనా నోరు కట్టుకోలేకపోతే నెత్తిన చేతులు పెట్టుకోకు. మర్నాడు మళ్ళీ కూర తిను. అంతే వైద్యం."

"నేను చూసుకుంటాను, వైద్యుడుగారూ!" అంది చిగురమ్మ.

"చూసుకోవడమంటే ఎలాగమ్మా?" అని సూదయ్య అడిగేలోపే ఆవిడ సగం దారిలో ఉంది.

ఇంటికి రాగానే చిగురమ్మ తొర్రకి బండరాయి అడ్డం పెట్టేసింది. ఆకులో ఉప్పూ కారం లేని పచ్చి ఆకులు వేసింది. దూకుళ్ళప్ప రెండు నమిలి, "చుట్టాల్ని చూసొస్తాను" అని బయల్దేరాడు. పక్క చెట్టు మీద బాబాయి ఇల్లు. ఆ పక్కన మేనత్త ఇల్లు. దాని పక్కన తోడల్లుడి ఇల్లు. అందరి ఇళ్ళలోనూ వెదురన్నమే. చుట్టమొస్తే వాళ్ళు ఊరుకుంటారా? మూడిళ్ళలో తిని, ఆయాసపడుతూ ఇంటికొచ్చాడు. గడ్డి జింకల మోకాళ్ళ దాకా లేచింది.

"అలాగా! చుట్టాలిళ్ళలో తినొస్తున్నావా! ఇవాళ్టి నించి నీ నోటికి కాపలా నేనే" అంది చిగురమ్మ.

అతని ఎదురుగా కూర్చుని ముద్దలు చూసింది. "అది ముట్టకు. ఇది చాలు. నోరు ముయ్యి" అంది. జింకల ముందే అంది. ఒక జింక పిల్ల కిసుక్కున నవ్వింది. దూకుళ్ళప్ప ముఖం, అసలే నల్లది, ఇంకా నల్లబడింది. పెళ్ళాం ఏటికి వెళ్ళినప్పుడు బండ పక్కకి నెట్టి తొర్రలో తల దూర్చాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి నోరు తుడుచుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

"ఏం తిన్నావు, మావా?"

"ఏమీ... వెక్! ఏమీ లేదే. వెక్!"

వెక్కిళ్ళు దొంగతనాన్ని దాస్తాయా? చిగురమ్మ నవ్వాపుకోలేకపోయింది. దూకుళ్ళప్ప మాత్రం నవ్వలేదు. మూడు రోజులు ఆమెకి వీపే చూపించి కూర్చున్నాడు. గడ్డి జింకల పొట్టల దాకా లేచింది.

నాలుగోనాడు సంత రోజు. వైద్యుడు ఒక గరిటె అన్నం ఒప్పుకున్న రోజు. చిగురమ్మ ఆకు వేసి, ఒక గరిటె వడ్డించింది. అతని వీపు చూసి చూసి ఆవిడ మనసు చివుక్కుమంటోంది కదా, రెండోదీ వడ్డించింది. దూకుళ్ళప్ప ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ చెయ్యి ఎప్పటిలాగే, దానంతటదే, వేళ్ళ సందుల్లోంచి మూడో గరిటె దింపేసింది.

దూకుళ్ళప్ప తన చెయ్యి తియ్యలేదు. దాని మీద అన్నం పొగలు కక్కుతోంది. అలాగే పైకెత్తి చూపించాడు.

"చిగురూ, ఒక మాట చెప్పనా? మొదటి గరిటె నా ఆకలికి తింటాను. రెండోది నా నాలుక కోసం తింటాను. ఈ మూడోది మాత్రం ఇన్నాళ్ళూ నీ కోసమే తింటున్నా."

"నా కోసమా?"

"వద్దంటే నీ ముఖం చిన్నబోతుందే. అది చూడలేక తింటాను."

చిగురమ్మ గరిటె కింద పెట్టేసింది. తన చేతిని తనే వింతగా చూసుకుంది. ఇన్నాళ్ళూ ఆవిడ తొర్రకి కాపలా కాసింది. మొగుడి నోటికి కాపలా కాసింది. ఈ గరిటె సంగతి మాత్రం ఆవిడకి తోచనే లేదు!

"నీ చెయ్యి కాలిందా, మావా?" అంది.

"కాలక?" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. అతని చేతి మీది అన్నం ఆవిడే తినేసింది. పారేయడానికి మనసు రావాలి కదా!

మర్నాడు చిగురమ్మ బండరాయిని ఏట్లోకి దొర్లించేసింది. తొర్రలో బియ్యంలో సగం ఉడతలకి పంచింది. పూయని వెదురు పొదల్లో మొలకల్లాంటి లేత కొమ్ములు లేచాయి. వాటిని తరిగి, ఉడకబెట్టి, నీళ్ళు వార్చి, కారం వేసి వేయించింది. ఏటి ఒడ్డు పొన్నగంటి కూర దూసి తెచ్చింది. చింతచిగురు కలిపింది. అప్పుడు రెండాకులు వేసింది. ఎప్పుడూ అతను తిన్నాక తినేది. ఆ రోజు పక్కన కూర్చుంది.

"నీకెందుకే ఈ వైద్యం? నువ్వు చీపురుపుల్లలా ఉన్నావు" అన్నాడు దూకుళ్ళప్ప.

"ఒక్కడివే తింటే అది మందు. ఇద్దరం తింటే కూర" అంది చిగురమ్మ.

ఆకులో చెంచాడు అన్నం, చుట్టూ గుట్టలా కూర. కొమ్ముల వేపుడు నోట్లో పెట్టుకుని దూకుళ్ళప్ప కళ్ళు మూసుకున్నాడు. మూడో గరిటె వేయకుండా ఉండటం చిగురమ్మ వల్ల కాలేదు. వేసింది. కానీ అది పొన్నగంటి కూర. దూకుళ్ళప్ప చెయ్యి అడ్డం పెట్టలేదు.

సాయంత్రాలు ఇద్దరూ కోతికొమ్మచ్చి ఆడారు. మొదట్లో చిగురమ్మ అటు మూడు కొమ్మలు దూకేది, అతను ఇటు ఒక కొమ్మ మీద రొప్పేవాడు. "అందుకో, మావా! ముసలి తాబేలు కూడా నన్ను పట్టుకుంటుంది!" అని ఏడిపించేది. జింక పిల్లలు కింద నిలబడి కేరింతలు కొట్టేవి. ఈసారి ఆ నవ్వు అతనికి గుచ్చుకోలేదు. మధ్యలో ఒకసారి బాబాయి మనవరాలి పెళ్ళొచ్చింది. దూకుళ్ళప్ప పాయసం నాలుగు దొప్పలు తాగేసి, తల వంచుకుని ఇంటికొచ్చాడు.

"ఎలా ఉంది పాయసం?" అంది చిగురమ్మ.

"బాగుంది."

"సరే. రేపు బీరకాయ కూర" అంది. అంతే. ఇంక ఏమీ అనలేదు.

వానలు తెరిపిచ్చాయి. గడ్డి జింకల చెవుల దాకా లేచింది. మంద అంతా ఏటి ఒడ్డుకి చేరింది. జింక పిల్లలు నీళ్ళలో కాళ్ళు పెట్టాయి. చుక్కల పెద్దమ్మ ఒకసారి ఆగి నల్లమద్ది వైపు తలెత్తి చూసింది.

దూకుళ్ళప్ప ఎక్కుతున్నాడు. కింది కొమ్మ దాటాడు. నడిమి కొమ్మ దాటాడు. చివరి కొమ్మ మీద ఒక కాలు పెట్టాడు. కొమ్మ వంగింది. చిగురమ్మ కళ్ళు మూసేసుకుంది. కొమ్మ ఇంకా వంగింది... మెల్లగా పైకి లేచింది. ఊయల ఊగినట్టు ఊగి, నిలిచింది.

అబ్బ! ఎన్నాళ్ళకి కనబడింది అడవంతా! ఏరు, కొండ, గాలికి అలలుగా కదిలే గడ్డి. ఆ గడ్డిలో ఒకచోట మాత్రం గాలికి ఎదురుగా ఏదో కదులుతోంది. నలుపూ పసుపూ చారలు.

"ఖక్! ఖక్! ఖక్!"

ఆ అరుపుకి కొండ మారుమోగింది. జింకలన్నీ ఒక్క ఉదుటున చెదిరి, చెట్ల మధ్యకి మాయమయ్యాయి. పులి గడ్డిలోంచి లేచి, ఖాళీ ఒడ్డుని చూసి, పైకి చూసింది.

"నువ్వు ఇంకా నడిమి కొమ్మ మీదే ఉన్నావనుకున్నానే!" అని గొణుక్కుని, తోక ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం మంద అంతా నల్లమద్ది కిందికి తిరిగొచ్చింది. ఏరు దాటే మాట ఇంక ఎవరూ ఎత్తలేదు. చుక్కల పెద్దమ్మ, "ఏమమ్మా చిగురూ, ఇవాళ పండగ చెయ్యవా?" అంది. చిగురమ్మ తొర్రలో మిగిలిన బియ్యంతో పాయసం వండింది. అందరికీ ఒక్కొక్క గరిటె వేసింది. దూకుళ్ళప్పకీ వేసింది. గరిటె మళ్ళీ ముంచి ఎత్తింది.

అతను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

గరిటె గాలిలోనే ఆగిపోయింది. మొట్టమొదటిసారి!

దూకుళ్ళప్ప ఆ గరిటె వంక చూశాడు. పెళ్ళాం ముఖం వంక చూశాడు. అది చిన్నబోలేదు. నవ్వుతోంది. అప్పుడు చెయ్యి మెల్లగా తీసేశాడు.

"అర గరిటె వెయ్యి, చిగురూ. ఇది నీ కోసం కాదు. అచ్చంగా నా కోసమే."

నీతి: మనవాళ్ళ మేలు కోరితే వాళ్ళ నోటికి కాపలా కాయనక్కర్లేదు, మన చేతి గరిటెను చూసుకుని, వాళ్ళ పక్కన కూర్చుని అదే కూర తింటే చాలు.