కుండలోంచి వచ్చిన పేరు

పూర్వం ఒక రాజ్యంలో యుద్ధం ఎంతకీ తెగలేదు. ఒంట్లో సత్తువున్న కుర్రవాళ్ళ పేర్లు కుండలో వేసి, చీటీ తీసి, ఊరికొకణ్ణి పంపమని రాజాజ్ఞ వచ్చింది. అంతకుముందు వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు.

చాపలల్లుకునే ఓబులమ్మ ఒక్కగానొక్క కొడుకు పేరూ కుండలో పడింది. కుర్రవాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చిన దళపతి ఎదుట ఊరిపెద్ద పాపిరెడ్డి చెయ్యి పెట్టి ఒక తాటాకు ముక్క తీశాడు. అది అతని కొడుకు శేషారెడ్డి పేరే.

"వీడికి ఉబ్బసం దొరా, పనికిరాడు," అంటూ పాపిరెడ్డి ఆ ముక్క పక్కన పడేసి, మళ్ళీ కుండలో చెయ్యి పెట్టబోయాడు.

 ఓబులమ్మ ముందుకొచ్చి దళపతికి దణ్ణం పెట్టింది.

"దొరా, రోగిష్టివాడికి ఊరి పెత్తనం ఇవ్వకూడదని రాజుగారి కట్టడ కదా. పెద్దయ్య తర్వాత ఆ పెత్తనం ఏ ఇంటికి పోతుందో కూడా ఇప్పుడే చెప్పండి."

"నిజమే," అన్నాడు దళపతి. "ఏం పాపిరెడ్డీ, వేరే ఇంటికి రాసెయ్యమంటావా?"

"అయ్యో, వద్దు దొరా! ఉబ్బసం చిన్నప్పటి మాట. ఇప్పుడు వాడు గుండ్రాయిలా ఉన్నాడు!"

"గుండ్రాయిలా ఉంటే మొదట వచ్చిన పేరే ఖాయం గదా దొరా," అంది ఓబులమ్మ మెల్లగా.

దళపతి తలూపాడు. పాపిరెడ్డి కూలబడిపోయాడు.

మర్నాడు శేషారెడ్డి బయల్దేరుతుంటే ఓబులమ్మ కొత్త చాప ఒకటి తెచ్చి అతని చేతికిచ్చింది. ఆ పిల్లవాడు దాన్ని చంకన పెట్టుకుని, "వెళ్ళొస్తా ఓబులమ్మా," అన్నాడు.

వెళ్ళి రా నాయనా అనడానికి ఆమెకు నోరు రాలేదు.