నీడలో ఎండిన వడియాలు

శిష్యులు ప్రశ్న అడిగితే త్రిపురాంబగారు జవాబు చెప్పరు, పని చెబుతారు. విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఏళ్ళుగా గ్రహాల వాతావరణం గురించి పాఠాలు చెబుతున్నా ఆవిడకి ఆ అలవాటు పోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న హిమజ ఇంటికి వచ్చింది. పారాయణ ముగిసి ఆవిడ కళ్ళు తెరిచేదాకా గుమ్మంలోనే నిలబడింది. ఆ పిల్ల దిగులు ఎక్కడో దూరాన ఉన్న ఒక మహా గ్రహం గురించి. దాని పైగాలి సలసల కాగుతోందని దుర్భిణి చెబుతోంది. హిమజ కంప్యూటర్లో కట్టిన నమూనా మాత్రం అంతకు నాలుగు వందల డిగ్రీలు చల్లగా చూపిస్తోంది. పైనుంచి పడే ఎండా చాలదు, లోపలి నుంచి వచ్చే సెగా చాలదు. సిద్ధాంత గ్రంథం ఇవ్వడానికి ఇక పది రోజులే ఉంది. ఇవ్వలేకపోతే ఐదేళ్ళ శ్రమా నీళ్ళపాలే.

“మేడమ్, ఆ తగ్గిన వేడిని నేనే ఒక అంకెగా వేసి కలిపెయ్యనా?”

“డాబా మీద మొన్న పెట్టిన గుమ్మడి వడియాలున్నాయి. ఎండినవి ఎత్తుకురా తల్లీ.”

ఇంత చదువూ చివరికి వడియాలు ఎత్తడానికా అనుకుంటూ హిమజ మెట్లెక్కింది. పిట్టగోడ పక్కన, మంచి ఎండలో ఉన్నవాటి దగ్గరికే ముందు వెళ్ళింది. పైన గట్టిపడ్డాయి గాని, తిరగేస్తే అడుగు వేలికి అంటుకుంది. నీటి ట్యాంకు నీడలోవి చూడనవసరమే లేదనుకుంది. ఊరికే ఒకటి ముట్టుకుంటే గలగలమంది. ఆశ్చర్యపోయి అక్కడే గొంతుక్కూర్చుంది. పాదాలకి వేడిగాలి తగిలింది. డాబా గచ్చు వేడినంతా మోసుకుంటూ ఆ గాలి ట్యాంకు కిందనుంచి సాగిపోతోంది. పిట్టగోడ చాటున మాత్రం గాలే ఆడటం లేదు.

పళ్ళెంతో పరుగున దిగింది. “మేడమ్, నీడలోవే ముందు ఎండాయి!”

“అలాగా? అక్కడికి ఎండ ఎప్పుడొచ్చిందే?”

“ఎండ రాలేదండీ, ఎండ తిన్న గచ్చు మీదుగా గాలి...” అంటూ పళ్ళెం ఆవిడ ముందు పెట్టింది. “నా నమూనాలో గాలి పైకీ కిందికీ తప్ప పక్కకి కదలదు మేడమ్. ధ్రువకాంతుల వల్ల ధ్రువాల దగ్గర పుట్టిన వేడి మిగతా గ్రహానికి చేరక అక్కడే పడి ఉంటోంది.”

త్రిపురాంబగారు ఒక వడియం విరిచి చూసుకున్నారు.

“దాన్ని కదిలిస్తే లెక్కంతా మొదటినుంచీ చెయ్యాలి. పది రోజుల్లో ఎలా అవుతుంది?” అంది హిమజ. కానీ ఆ మాట అంటున్నప్పుడే చెప్పుల కోసం చూస్తోంది.

“గడువు నేను అడుగుతాను,” అన్నారావిడ. “నువ్వు వెళ్ళి గాలిని అడుగు.”