తెడ్డు మీది తువ్వాలు

మధ్యాహ్నం వేళ. సన్నగా తుంపర, దక్షిణపు గాలి. పడవలు తిరిగొచ్చే వేళయిందని తట్ట పట్టుకుని ఒడ్డుకు వెళ్ళాను. మా పడవలో నలుగురు వెళ్ళారు: మా ఆయన, మరిది పోలయ్య, కొడుకులు సింహాద్రి, లోవరాజు.

రేవులో గుడిసె వేసుకుని ఉండే గురువుగారు ఎప్పటిలాగే ఇసుకలో కూర్చున్నారు. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. శిష్యుడు శంభుప్రసాదు పేపరు మడిచి అడిగాడు.

“గురువుగారూ, కల్లోలంగా ఉన్న దేశంలోకి పరాయి సైన్యం దిగితే అక్కడ నిలకడ వస్తుందా? వస్తుందనే నేనంటాను. మన రేవే చూడండి.”

ఎగువపేటకూ మా దిగువపేటకూ వలల దగ్గర తగువు. తలలు పగిలాయి. చివరికి రెండు పేటల పెద్దలూ కలిసి పట్నం నుంచి కాపలావాళ్ళను పిలిపించారు. సముద్రం ఎరగని మనుషులు, మంచివాళ్ళే. మరపడవ వేసుకుని రెండు పేటల పడవల మధ్య తిరిగేవారు. ఆనాటి నుంచి ఎవరి మీదా దెబ్బ పడలేదు.

“గొడవ ఆగిందా లేదా? ఏమ్మా గున్నమ్మా, నువ్వు చెప్పు,” అన్నాడు శంభుప్రసాదు.

“ఆగింది బాబూ. ఇప్పుడు కాస్త నిద్ర పడుతోంది,” అన్నాను.

“పడవలు రానీ,” అన్నారు గురువుగారు.

అప్పుడే దూరాన మా పడవ ఒరిగింది. తెడ్డు మీద తువ్వాలు లేచింది. మా తీరంలో తువ్వాలు లేస్తే, పగవాడైనా వల కోసుకుని మరీ సాయం వెళ్ళాలి. తలలు పగిలిన రోజుల్లో కూడా అది తప్పలేదు. ఎగువపేట పడవలు గిరుక్కున తిరిగి మావాళ్ళవైపు దూసుకొచ్చాయి. కాపలావాళ్ళకు ఆ తువ్వాలు కయ్యానికి ఎత్తిన జెండాలా కనిపించిందట. మరపడవ అడ్డం పెట్టారు.

“తప్పుకోండ్రా! తువ్వాలు కనబడటం లేదా?” ఎగువపేటవాళ్ళ అరుపులు ఒడ్డుకు వినిపించాయి.

“మీ హద్దులోకి పొండి,” అంది మరపడవ మీది మైకు.

కాపలావాళ్ళు తప్పుకునేసరికి మా పడవ బోర్లాపడి ఉంది.

ఎగువపేటవాళ్ళే మావాళ్ళను లాక్కొచ్చి ఇసుకలో దింపారు. కాపలానాయకుడు మరపడవ దిగి వచ్చాడు. “గొడవ ఆపడానికే వచ్చామండీ. ఈ ఆచారం మాకెవరూ చెప్పలేదు.”

గురువుగారు శంభుప్రసాదువైపు తిరిగారు.

“గొడవ ఆగింది నాయనా. దాంతోపాటు ఇంకేం ఆగిందో ఆమెనడుగు.”

నన్నెవరూ అడగలేదు. నేను లెక్కపెట్టుకుంటున్నాను. మా ఆయన. పోలయ్య. సింహాద్రి.

మళ్ళీ మొదటినుంచి. మా ఆయన. పోలయ్య. సింహాద్రి.